గోడ మూసే ముందు ఒక్క రోజు

గుంటూరు కొరిటెపాడులో ఆ ఇంటి గృహప్రవేశం మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకి. గీజరు పాయింటు ఎత్తు సరిపోలేదని ముందురోజు మధ్యాహ్నం పై బాత్రూమ్‌లో రెండు టైల్స్ ఊడదీసి లైను మార్చాల్సి వచ్చింది. చివరి ఎల్బో వేసేసరికి సాయంత్రం ఆరు దాటింది. కింద బంధువులు దిగిపోయారు. వంటవాళ్లు గుండిగలు పట్టుకుని కుళాయి దగ్గర నిలబడ్డారు. ఇంటాయన రిటైరైన లెక్కల మాస్టారు. మెట్ల మీంచే "ఏం నాయనా, నీళ్లు వదలొచ్చా?" అని కేకేశారు. ఆ జాయింటుకు సోల్యూషన్ పూసి పావుగంట కూడా కాలేదు. "వదలండి మాస్టారూ" అన్నాను. చుక్క కారలేదు. రాత్రి ఎనిమిదింటికి తాపీ మేస్త్రీ వచ్చి టైల్స్ అంటించేశాడు. తెల్లారి పాలు పొంగాయి. నాకు బట్టలు పెట్టారు, పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టారు.

నాలుగు నెలలకు ఫోను వచ్చింది. పడకగదిలో బీరువా వెనక గోడ నిమ్ము పట్టిందని, రంగు పొక్కులు లేచి పెచ్చులు రాలుతోందని. వెళ్లి బీరువా జరిపాను. గోడ మీద అరచెయ్యి పెడితే చల్లగా తగిలింది. బాత్రూమ్ వైపు నుంచి అవే రెండు టైల్స్ మళ్లీ ఊడదీశాను. ఎల్బో కింద తడి మెరుస్తోంది. గుడ్డతో తుడిచి, రెండు వేళ్లతో పట్టుకుని కాస్త తిప్పి చూశాను. తిరిగింది.

సరిగా అతికిన ఎల్బో తిరగదు. బలంగా మెలిపెడితే పైపు విరుగుతుంది, జాయింటు మాత్రం కదలదు. ఆ ముక్కను కోసి ఇంటికి తీసుకెళ్లి, హాక్సా బ్లేడుతో నిలువునా చీల్చి చూశాను. పైపు సాకెట్ అడుగు దాకా వెళ్లలేదు, చిటికెన వేలి గోరంత వెలితి ఉంది. నేను అదిమి పట్టుకోకుండా వదిలేసరికి అది వెనక్కి జారింది. సోల్యూషన్ రెండింటి మధ్యా పాల మీద మీగడలా ఎండి, గోటితో లాగితే పొరలా లేచి వచ్చింది. మొదట్లో ఎలాగో పట్టి ఉంచింది. గీజరు వేసినప్పుడల్లా వేడికి సాగి, ఆపాక ముడుచుకుని, కొద్దికొద్దిగా దారి ఇచ్చింది.

మాస్టారు కోప్పడలేదు. కాగితం మీద లెక్క వేశారు. సెకనుకు ఒక చుక్క, ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు, రోజుకు 86,400 సెకన్లు. అంటే రోజుకు 4 లీటర్ల 320 మిల్లీలీటర్లు. నాలుగు నెలలకు 500 లీటర్లు పైమాటే. "అంత నీరు ఆ గోడ తాగింది నాయనా" అన్నారు. బీరువా కింది అరలో అమ్మగారు చేత్తో రాసుకున్న మంగళహారతుల నోటుబుక్కు ఉంది. సిరా కరిగి పేజీలన్నీ నీలంగా అయిపోయాయి. ఆవిడ దాన్ని ఎండలో పెట్టి, నాకు మంచినీళ్లు ఇచ్చింది. పైపు బాగు చేశాను, కూలి తీసుకోలేదు, రెండు టైల్స్, రంగు నేనే కొనిచ్చాను. ఆ పుస్తకానికి మాత్రం ఏం చేయగలను?

ఇది 2011 నాటి మాట. 1993లో ప్లంబింగ్ పనిలోకి వచ్చినవాణ్ని. ఆ ఎల్బో ముక్క ఇప్పటికీ నా సంచిలో ఉంది. కొత్తగా పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి కుర్రాడికీ మొదటిరోజు అదే చూపిస్తాను. ఈ వ్యాసం ఇల్లు కట్టించుకునేవాళ్ల కోసం. మీ ఇంటి గోడల్లో పైపులు వేశాక, ఆ గాడి మూసే ముందు ఒక్క రోజు ఆగండి. ఆ రోజు నీళ్లు నింపి, ఒత్తిడి ఎక్కించి, ప్రెషర్ గేజీ ముల్లు దిగుతోందో లేదో మీ కళ్లతో చూడండి. ఆ ఒక్క రోజు ఖర్చు మీరే పెట్టుకోండి. ఈ మాట నేను ఎందుకింత గట్టిగా చెబుతున్నానో అర్థం కావాలంటే జాయింటు లోపల జరిగేది తెలియాలి.

మేం సోల్యూషన్ అనే ఆ డబ్బాలోది జిగురని చాలామంది అనుకుంటారు. పని చేసేవాళ్లలో కూడా సగం మంది అలాగే అనుకుంటారు. జిగురు రెండు వస్తువుల మధ్య కూర్చుని పట్టుకుంటుంది. సోల్యూషన్ చేసే పని వేరు. దాంట్లో టెట్రాహైడ్రోఫ్యూరాన్, సైక్లోహెక్సనోన్ లాంటి ద్రావకాలు ఉంటాయి, వాటిలో అదే ప్లాస్టిక్ కరిగించి ఉంటుంది. పూయగానే పైపు పైపొర, సాకెట్ లోపలి పొర మెత్తబడతాయి. మెత్తగా ఉండగానే ఒకదాంట్లోకి ఒకటి తోస్తే ఆ రెండు పొరలూ కలిసిపోతాయి. తర్వాత ద్రావకం మెల్లగా ఆవిరైపోయి, కలిసిన చోటు గట్టిపడుతుంది. వానాకాలంలో డబ్బాలో బెల్లం అచ్చులు రెండు చెమ్మకు మెత్తబడి అతుక్కుపోతే ఎలా ఉంటుందో చూశారుగా. ఆరాక ఎక్కడ ఒకటి ముగిసిందో, ఎక్కడ రెండోది మొదలైందో చెప్పలేం. మంచి జాయింటును నిలువునా కోస్తే అచ్చం అలాగే, మధ్యన గీత కనపడదు.

బెల్లం ఆరడానికి సమయం పట్టినట్టే దీనికీ పడుతుంది. పైపు లావు, ఆ రోజు ఎండ, గాలిలో తేమ, లైన్లో వచ్చే ఒత్తిడి, వీటిని బట్టి ఎన్ని గంటలో డబ్బా మీదే రాసి ఉంటుంది. చిన్న పైపులకు కొన్ని గంటలు చాలని రాసినా, నేను పూర్తిగా 24 గంటలు వదిలేస్తాను. ముసురు పట్టిన రోజుల్లో ఇంకా ఎక్కువే. పావుగంటలో నీళ్లు వదిలితే అది కారదు, నిజమే. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

నేను పని నేర్చుకున్నది జీఐ పైపుల మీద. మా బాబాయ్ ఇనప పైపుకు డై పెట్టి మరలు కోసేవాడు. ఆ మరల మీద జనపనార చుట్టి, సఫేదా రాసి, పైప్ రెంచితో బిగించేవాడు. తప్పు జరిగితే నీళ్లు వదిలిన నిమిషానికే చెమర్చేది. ఊడదీసి మళ్లీ నార చుట్టేవాళ్లం. ఆ పనిలో భుజాలు నొప్పి పుట్టేవి గానీ, చేసిన తప్పు అక్కడికక్కడే బయటపడేది. ప్లాస్టిక్ పైపు వచ్చాక బరువు తగ్గింది, తుప్పు పోయింది, పని పది రెట్లు వేగమైంది. తప్పు మాత్రం గోడలో దాక్కోవడం నేర్చుకుంది. ఆరు నెలలకో, రెండేళ్లకో బయటపడుతుంది. అప్పటికి ప్లంబరు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

మరి జాయింటు ఎలా వేయాలి? చూసేవాళ్లకు కూడా తెలిస్తే మంచిదని చెబుతున్నాను. ముందు కోత తిన్నగా ఉండాలి. ఏటవాలుగా కోస్తే పైపు ఒక పక్క అడుగుకు తగులుతుంది, రెండో పక్క తగలదు. కోసిన అంచున పీచులా ప్లాస్టిక్ లేస్తుంది. దాన్ని కత్తితోనో ఉప్పు కాగితంతోనో తీసేసి, అంచును కాస్త వాలుగా గీకాలి. ఆ పీచు వదిలేస్తే పైపు లోపలికి వెళ్తూ పూసిన సోల్యూషన్‌నంతా ముందుకు గెంటేస్తుంది. తర్వాత పొడి గుడ్డతో దుమ్ము, తడి, చేతి జిడ్డు తుడవాలి. సోల్యూషన్ లేకుండా ఒకసారి దూర్చి చూడాలి. సాకెట్ లోతులో మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా సులువుగా వెళ్లి, అక్కడ బిగియాలి. సాకెట్ లోపలికి పోయేకొద్దీ కొంచెం సన్నబడుతుంది కాబట్టే అలా బిగుస్తుంది. వదులుగా అడుగు దాకా జారిపోతే ఆ ఫిట్టింగ్ పక్కన పెట్టేయాలి, సోల్యూషన్ ఎంత పోసినా ఆ ఖాళీని పూడ్చదు.

సాకెట్ లోతు కొలిచి పైపు మీద పెన్సిలుతో గీత గీయడం నేను ఆ 2011 తర్వాతే అలవాటు చేసుకున్నాను. ఆ గీత సాకెట్ అంచుకు చేరితే పైపు అడుగుకు తగిలినట్టు. చేరకపోతే వెంటనే తెలుస్తుంది. మా కుర్రాళ్ల జేబులో టేపు ఉన్నా లేకపోయినా పెన్సిలు ఉండి తీరాలి. పూసేటప్పుడు పైపుకు నిండుగా, సాకెట్ లోపల పలచగా పూయాలి. లోపల ఎక్కువ పోస్తే అది అడుగున మడుగు కట్టి, పైపు గోడనే మెత్తబరిచి బలహీనం చేస్తుంది. పూసిన వెంటనే, తడి ఆరకముందే, పావు చుట్టు తిప్పుతూ ఒకే ఊపున గీత దాకా తోయాలి. అక్కడ ఆపి ముప్పై సెకన్లు అదిమి పట్టుకోవాలి. సన్నబడిన సాకెట్ పైపును బయటికి నెడుతుంటుంది, వేళ్లకు ఆ నెట్టుడు తెలుస్తుంది. మనసులో ముప్పై లెక్కపెట్టుకోవడమే. కొరిటెపాడులో నేను ఎగ్గొట్టింది ఈ ముప్పై సెకన్లను, తర్వాతి ఒక్క రోజును.

చుట్టూ ఉంగరంలా సన్నటి పూస ఏర్పడితే సోల్యూషన్ అంతటా చేరినట్టు. ఎక్కడైనా ఆ పూస తెగితే అక్కడ ఎండు మచ్చ ఉన్నట్టే. కొందరు జాయింటు వేసేశాక పైనుంచి ఇంకో పూత పూస్తారు. అది చూసేవాళ్ల తృప్తి కోసమే, లోపలికి పోదు.

డబ్బా సంగతి కూడా చెప్పాలి. మంచి సోల్యూషన్ తేనెలా జారుతుంది. మూత తీసి వదిలేసిన డబ్బాలో ద్రావకం ఎగిరిపోయి, అది గుజ్జుగా, ఉండలుగా తయారవుతుంది. దాంట్లో థిన్నరో పెట్రోలో పోసి పలచన చేసి వాడేవాళ్లను చూశాను. అలా చేసిన దాంతో వేసిన జాయింటు నిలవదు. చన్నీళ్ల యూపీవీసీ పైపుకు వాడే సోల్యూషన్ వేరు, వేడినీళ్ల సీపీవీసీకి వేరు, ఈ రెండోది సాధారణంగా పసుపు రంగులో ఉంటుంది. దాని బదులు చేతికి దొరికిన డబ్బా వాడితే గీజరు నీళ్లకు ఆ జాయింటు ఓర్చుకోదు. కొనేటప్పుడు యూపీవీసీ పైపుకు ఐఎస్ 4985, సీపీవీసీకి ఐఎస్ 15778 అని ముద్ర చూసి కొనే ఇంటాయన, సోల్యూషన్ దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి తే" అంటాడు. యూపీవీసీ సోల్యూషన్‌కు కూడా ఐఎస్ 14182 అని ప్రమాణం ఉంది. లక్షలు పోసి టైల్స్ వేసే ఇంట్లో ఈ డబ్బాల ఖర్చు లెక్కలోకే రాదు.

మన గుంటూరు ఎండలకు ఇంకో చిక్కు ఉంది. మే నెల మధ్యాహ్నం మిద్దె మీద పైపు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. దాని మీద పూసిన సోల్యూషన్ తోసేలోపే పొర కడుతుంది. అందుకే ఎండాకాలం పైపులు నీడన పెట్టి, పొద్దున్నే జాయింట్లు వేసుకుంటాం. పగలు పది దాటాక కోతలు, క్లాంపుల పని చూసుకుంటాం. ఎండలో పైపు పొడవు కూడా మారుతుంది. ఆరు మీటర్ల పీవీసీ పైపు 30 డిగ్రీల తేడాకు దాదాపు 12 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం సాగుతుంది. అలా రోజూ సాగి ముడుచుకునే పైపుకు ఊపిరాడనివ్వకుండా రెండు కొసలా బిగించేస్తే ఆ లాగుడంతా జాయింటు మీదే పడుతుంది.

పొలాల్లో ఇంకో రకం తప్పు జరుగుతుంది. పత్తిపాడు వైపు మిరప చేలల్లో బోరు లైన్లు వేసే రైతులు కప్లింగు కొనకుండా గడ్డి మంట మీద పైపు కొస కాల్చి, మెత్తబడ్డాక ఇంకో పైపు మీదికి తోసేస్తారు. కాలిన చోట పైపు గోడ పలచబడి, ఒక పక్క మందం, ఒక పక్క పొర అవుతుంది. మోటారు వేసినప్పటి ఊపుకు అది విచ్చుకోవచ్చు. తడి పెట్టాల్సిన రోజు చేలో గుంట తవ్వుతూ కూర్చోవాల్సి వస్తుంది. కప్లింగు డబ్బు మిగిలిందని సంతోషించిన రైతుకు ఆ నష్టం ఎవరూ లెక్క కట్టి చెప్పరు.

ఇంత తెలిసీ మా ప్లంబర్లు ఎందుకు తొందరపడతారు? మాకు డబ్బు పాయింటు లెక్కన వస్తుంది కాబట్టి. బాత్రూమ్‌కు ఇంత, పాయింటుకు ఇంత అని మాట్లాడుకుంటాం. మామూలు బాత్రూమ్‌లో గోడ లోపల ముప్పై జాయింట్లకు తక్కువ ఉండవు, నేను లెక్కపెట్టి చూశాను. ఒక్కోదానికి రెండు నిమిషాలు ఎక్కువ పెడితే గంట. నాలుగు బాత్రూమ్‌లకు సగం రోజు. ఆ సగం రోజుకు ఎవరూ కూలి ఇవ్వరు. వెనకాల తాపీ మేస్త్రీ మాలు కలుపుకుని నిలబడి ఉంటాడు, అతనికీ రోజు లెక్క ఉంది. ఈ ఏర్పాటులో శ్రద్ధగా పని చేసేవాడు నష్టపోతాడు, గబగబా ముగించేవాడు ఇంకో ఇంటికి వెళ్లిపోతాడు. కుర్రాళ్లకు బుద్ధి చెప్పినంత మాత్రాన ఇది మారదు. కూలి లెక్క మారాలి. పాయింటు రేటు ఎంత మాట్లాడుకున్నా, టెస్టు రోజుకు విడిగా కూలి రాసుకోండి. ఆ రోజు మేం పని లేకుండా కూర్చున్నట్టు కనిపిస్తాం. అయినా కూలి ఇవ్వండి.

టెస్టు పెద్ద విద్య కాదు. కుళాయిలు, గీజరు బిగించకముందే పాయింట్లన్నిటికీ ప్లగ్గులు వేస్తాం. లైన్లో గాలి పోయేలా నీళ్లు నింపి, చేతి పంపుతో ఒత్తిడి ఎక్కిస్తాం. ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉంటే కుళాయి దగ్గర వచ్చేది చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కేజీ ఒత్తిడే. ప్రెషర్ పంపు పెట్టుకున్న ఇళ్లలో ఇంకా ఎక్కువ ఉంటుంది. లైన్లో రాబోయే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి చూడాలన్నది పద్ధతి. మామూలు ఇంటికి నేను 6 కేజీల దాకా పెడతాను. మొదటి గంటలో ముల్లు కొంచెం దిగితే కంగారు పడక్కర్లేదు, మిగిలిన గాలి నలుగుతుంది, పైపు కాస్త సాగుతుంది. మళ్లీ పంపు కొట్టి వదిలేయాలి. మర్నాటికి ముల్లు అక్కడే ఉండాలి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఈ టెస్టు నీళ్లతోనే చేయాలి. కంప్రెసర్ గాలితో చేయనివ్వకండి. గాలి ఒత్తిడికి ప్లాస్టిక్ పగిలితే ముక్కలు బాణాల్లా ఎగురుతాయి.

అపార్ట్‌మెంట్లలో కొనుక్కునేవాళ్లకు గాడి మూసే రోజు అక్కడ ఉండే అవకాశం లేదు. అందుకే తాళాలతో పాటు టెస్టు కాగితం, గోడలు మూయకముందు తీసిన పైపుల ఫొటోలు బిల్డరు ఇవ్వాలని నా కోరిక. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు అడిగే కాగితాల్లో అది కూడా ఒకటి కావాలి. మనసు పెడితే పురపాలక శాఖకు ఇది పెద్ద పని కాదు. ఈలోగా ఒక హక్కు అందరూ తెలుసుకోవాలి. రియల్ ఎస్టేట్ చట్టం, 2016లో 14వ సెక్షన్ ప్రకారం, ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు పనితనంలో, సదుపాయాల్లో లోపం బయటపడి చెబితే, బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా బాగు చేయించాలి. గోడ నిమ్ము పట్టిందని ఫోన్లో చెప్పి ఊరుకోకుండా ఉత్తరం రాసి నకలు దగ్గర పెట్టుకోండి.

ఇక నేర్పే సంగతి. ఐటీఐలో ప్లంబరు ట్రేడు ఏడాది కోర్సు. దానికి వచ్చే పిల్లలు తక్కువ, ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ నిండాక మిగిలినవాళ్లు వస్తారు. ఒడిశాలో కేంద్రపడా జిల్లా పట్టముండై వైపు ఊళ్లు ప్లంబర్లకు దేశమంతా పేరు. అక్కడ రాష్ట్ర ప్రభుత్వమే ప్లంబింగ్ నేర్పే సంస్థ ఒకటి పెట్టింది. హైదరాబాద్, విశాఖపట్నం అపార్ట్‌మెంట్లలో పని చేసేవాళ్లలో ఆ జిల్లా మనుషులు చాలామంది కనిపిస్తారు. నా దగ్గర కూడా పట్టముండై కుర్రాడు రెండేళ్లు చేశాడు. వచ్చిన రోజే పైపు మీద గీత గీసి దూర్చడం చూసి, ఎవరు నేర్పారని అడిగాను. "మా నాన్న" అన్నాడు. మా పిల్లలకు ఆ గీత నేర్పే నాన్నలు తక్కువ. ఐటీఐలు నేర్పాలి, మాలాంటి పాతవాళ్లను నెలకు రెండు రోజులు పిలిస్తే మేమూ వెళ్లి నేర్పుతాం. డబ్బు అడగం.

ఆ పిల్లల ఆరోగ్యం గురించి కూడా ఒక మాట. కిటికీ లేని బాత్రూమ్‌లో తలుపు దగ్గరకేసి సోల్యూషన్ పూస్తే పది నిమిషాలకు తల దిమ్మెక్కుతుంది. ఆ ఆవిరి అంటుకునే గుణం ఉన్నది కూడా. పక్కన వెల్డింగ్ జరుగుతుంటే, ఎవరైనా బీడీ ముట్టిస్తే ప్రమాదం. తలుపు తీయించండి, ఒక ఫ్యాను పెట్టించండి.

మాస్టారు పోయి మూడేళ్లయింది. అమ్మగారు ఆ ఇంట్లోనే ఉన్నారు. పాట జ్ఞాపకం వచ్చినప్పుడల్లా ఆ హారతులన్నీ కొత్త పుస్తకంలో రాసుకున్నారట. పోయిన నెల వంటింటి కుళాయి మార్చడానికి పిలిస్తే వెళ్లాను. కొత్త కుళాయి బిగించి తిప్పబోతుంటే, "ఉండు నాయనా, ఆరనివ్వక్కర్లేదూ?" అన్నారు. మరల మీద టెఫ్లాన్ టేపే చుట్టాను, దానికి అక్కర్లేదు. అయినా ఒక నిమిషం ఆగి తిప్పాను.

గోరంట్లలో ఒక ఇంట్లో నిన్న సాయంత్రం ఐదింటికి ఒత్తిడి ఎక్కించాం. ఈ పొద్దున వెళ్లి చూస్తే ముల్లు 6 మీదే ఉంది. తాపీ మేస్త్రీ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. సాయంత్రం ఐదు దాటాక చూసి చెబుతానన్నాను.